ఇంట్లో చెప్పుకోలేని మెసేజ్

తెలుగు ఇళ్లలో పిల్లల చేతికి మొదట వచ్చే తెర తల్లి ఫోన్. అన్నం తినిపించేటప్పుడు పెట్టిన పాటల వీడియోతో మొదలైన ఆ అలవాటు కరోనా కాలంలో చదువులోకి వచ్చింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. ఇప్పుడు హోంవర్కు కూడా వాట్సాప్ గ్రూపులోనే వస్తోంది. తండ్రి గల్ఫ్‌లో ఉండే జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఆయన ముఖం పిల్లలకు కనిపించేదే ఫోన్‌లో. బడి, ప్రభుత్వం, కుటుంబం అందరూ కలిసి తెరను చేతిలో పెట్టాక 'ఫోన్ ముట్టుకోవద్దు' అనే మాట చెల్లడం కష్టం. పిల్లలకు ఆ ఫోన్‌లో ఏం ఎదురవుతుందో పెద్దలు తెలుసుకోవడం అందుకే అవసరం.

ఎదురయ్యే ప్రమాదాలను ఈ రంగంలో పనిచేసేవారు స్థూలంగా నాలుగుగా విడదీస్తారు: పిల్లలు చూసేవి, పిల్లలను పలకరించేవారు, పిల్లలు తామే చేసేవి, డబ్బుతో ముడిపడినవి. నాలుగూ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. అయితే ఎక్కువ నష్టం జరిగేది, తల్లిదండ్రులకు తక్కువగా కనిపించేది రెండోదాంట్లో.

చూసేవి

చిన్నపిల్లల విషయంలో మొదటి చిక్కు ఆటోప్లే. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఏది మొదలవ్వాలో తల్లీ ఎంచదు, పిల్లా ఎంచదు, యూట్యూబ్ లెక్కలు ఎంచుతాయి. ఆ లెక్కల్లోని లొసుగు 2017లో ప్రపంచమంతటికీ తెలిసింది. ఎల్సా, స్పైడర్‌మ్యాన్, పెప్పా పిగ్ లాంటి బొమ్మల వేషంలో రక్తం, సూదులు, అసభ్య చేష్టలు నిండిన వీడియోలు పిల్లల ముందుకు వస్తున్నాయని తేలింది. ఎల్సాగేట్ అని పేరుపడిన ఆ వ్యవహారం తర్వాత యూట్యూబ్ చాలా ఛానళ్లను తొలగించాల్సి వచ్చింది. ఆ వీడియోల పైబొమ్మ చూస్తే పెద్దలకైనా అనుమానం రాదు. భారత్‌లో 2016 నుంచి ఉన్న యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో తల్లిదండ్రులు ఆమోదించిన వీడియోలు మాత్రమే కనిపించేలా పెట్టవచ్చు, వెతికే సదుపాయాన్ని పూర్తిగా ఆపేయవచ్చు. ఐదారేళ్ల పిల్లలకు అంతకన్నా తేలికైన రక్షణ వేరే లేదు. కానీ చాలా ఇళ్లలో పిల్లలు చూసేది తల్లి ఖాతాతో తెరిచిన మామూలు యూట్యూబే.

పది దాటాక సమస్య తీరు మారుతుంది. రీల్స్ చూసేటప్పుడు ఏ వీడియో దగ్గర వేలు ఎంతసేపు ఆగిందో యాప్ గమనిస్తుంది. దిగులుగా ఉన్న అమ్మాయి ఒక దిగులు వీడియో దగ్గర ఆగితే అలాంటివే మరో పది వస్తాయి. 2017లో లండన్‌లో 14 ఏళ్ల అమ్మాయి ఆత్మహత్య చేసుకుంది. చివరి ఆరు నెలల్లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో లైక్ చేసిన, దాచుకున్న, పంచుకున్న 16,300 పోస్టుల్లో 2,100 కుంగుబాటు, స్వీయహాని, ఆత్మహత్యలకు సంబంధించినవని విచారణలో వెల్లడైంది. ఆ సమాచారం ఆమె మరణానికి తీసిపారేయలేని స్థాయిలో దోహదపడిందని 2022 సెప్టెంబరులో మరణ విచారణాధికారి (కరోనర్) నిర్ధారించారు. అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ శరీరం పట్ల ఉన్న బాధను తమ యాప్ మరింత పెంచుతోందని ఇన్‌స్టాగ్రామ్ సొంత పరిశోధకులే 2019లో రాసుకున్నారు. ఆ సంస్థ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన పత్రాల వల్ల ఆ సంగతి లోకానికి తెలిసింది.

పెద్దల భయం తరచూ తప్పుడు చోట నిలబడుతుందని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2017లో బ్లూవేల్ ఆట పిల్లల ప్రాణాలు తీస్తోందని దేశమంతా హోరెత్తింది. పత్రికలు, టీవీలు రోజుల తరబడి అదే చెప్పాయి. ఆ ఆటకు ఫలానా మరణంతో సంబంధం ఉందని నిర్ధారణ కాలేదని 2018 జనవరిలో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఆ తర్వాత వచ్చిన మోమో ఛాలెంజ్ కూడా పుకారే. అందులో భయపెట్టిన ముఖం జపాన్ కళాకారుడు చేసిన ఒక శిల్పానిది. తల్లిదండ్రులు ఇలాంటి వాటిని వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటున్న రోజుల్లోనే అసలు ప్రమాదం పిల్లల ఇన్‌బాక్సుల్లో మామూలు 'హాయ్'గా వస్తూ ఉంది.

పలకరించేవారు

పిల్లలను లైంగికంగా వాడుకోవాలనుకునేవాడు ఒక్కరోజులో ఏమీ చేయడు. ముందు మచ్చిక చేసుకుంటాడు. పరిచయం బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటి ఫోన్ ఆటల్లో టీమ్‌మేట్‌గా, లేదా ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ కింద మెచ్చుకోలుతో మొదలవుతుంది. వాయిస్ చాట్‌లో 'సూపర్ ఆడుతున్నావ్ బ్రో' అంటాడు. గేమ్‌లో వాడుకునే డైమండ్లో, కొత్త స్కిన్నో బహుమతిగా పంపుతాడు. తర్వాత 'ఇక్కడొద్దు, స్నాప్‌లోకి రా' అనో 'టెలిగ్రామ్‌లో మాట్లాడుకుందాం' అనో అందరూ చూసే చోటు నుంచి, మెసేజ్‌లు మాయమైపోయే చోటుకు తీసుకెళతాడు. ఇంట్లో గొడవలు, మార్కులు, ఫ్రెండ్స్ అలకలు అన్నీ ఓపిగ్గా వింటాడు. 'మీ అమ్మావాళ్లకు నువ్వు అర్థం కావు' అని మెల్లగా గీత గీస్తాడు. 'ఇది మన మధ్యే' అన్న మాట వచ్చిన రోజు నుంచి ఆ పరిచయం పిల్లలకు మోయాల్సిన రహస్యమైపోతుంది. ఫోటో అడగడం ఆ తర్వాతి మెట్టు. ఫోటో వెళ్లిన మరుక్షణం స్వరం మారుతుంది.

బహుమతులు, వేరే యాప్‌కు పిలవడం, రహస్యంగా ఉంచమనడం, కెమెరా ఆన్ చేయమనడం: ఈ నాలుగు గుర్తులను పదేళ్ల పిల్లలకైనా అర్థమయ్యేలా చెప్పవచ్చు. 'తెలియనివాళ్లతో మాట్లాడొద్దు' అని చెప్పడం ఇక్కడ పనికిరాదు. మూడు వారాలుగా రోజూ కలిసి ఆడుతున్నవాడు పిల్లాడి దృష్టిలో తెలియనివాడు ఎలా అవుతాడు?

బెదిరింపు ఎంత దూరం వెళ్లగలదో చెప్పే కేసు కెనడాలో జరిగింది. బ్రిటిష్ కొలంబియాలో 7వ తరగతి అమ్మాయి వెబ్‌క్యామ్‌లో ఒక అపరిచితుడి మాటకు లోబడిన క్షణాన్ని అతను ఫోటోగా పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి వేధించాడు. ఆమె బడి మారితే అక్కడి విద్యార్థులకూ ఆ ఫోటో చేరింది. 2012లో, 15 ఏళ్ల వయసులో ఆమె ప్రాణం తీసుకుంది. 22 నకిలీ ఖాతాలతో ఈ పని చేసిన వ్యక్తి ఉన్నది నెదర్లాండ్స్‌లో. ఇద్దరూ ఎన్నడూ ఒకే ఊళ్లో లేరు. 2022లో కెనడా కోర్టు అతనికి 13 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

ఈ మధ్యకాలంలో పెరిగిన రకం డబ్బు కోసం చేసే బెదిరింపు. దీనికి ఎక్కువగా గురవుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అందమైన అమ్మాయి ఫోటో ఉన్న ఖాతా నుంచి రిక్వెస్ట్ వస్తుంది. మచ్చిక చేసుకోవడానికి వారాలు పట్టవు. గంటలోపే వీడియో కాల్, దాన్ని రికార్డ్ చేయడం, ఫాలోవర్ల జాబితా స్క్రీన్‌షాట్ పంపి 'పది నిమిషాల్లో డబ్బులు వేయకపోతే వీళ్లందరికీ వెళుతుంది' అనడం జరిగిపోతాయి. 'మగపిల్లాడికేం భయం' అన్న మన ఇళ్ల ధీమా ఈ మోసగాళ్లకు బాగా కలిసొస్తోంది. ఆడపిల్ల ఫోన్‌పై నాలుగు కళ్లు ఉండే ఇంట్లోనే మగపిల్లాడు అర్ధరాత్రి తలుపు వేసుకుని ఏం చూస్తున్నాడో ఎవరూ అడగరు.

ఇన్ని రకాల బెదిరింపుల్లోనూ మోసగాడు నమ్ముకునేది ఒక్కదాన్నే: పిల్లలు ఇంట్లో చెప్పరు. చెబితే తిడతారు, కొడతారు, ఫోన్ లాక్కుంటారు. ఇంటర్ చదివే అమ్మాయికైతే ఫోటో బయటపడుతుందన్న భయం కన్నా, కాలేజీ మాన్పించి సంబంధాలు చూస్తారన్న భయం పెద్దది కావచ్చు. బెదిరించేవాడికి ఈ సంగతి బాగా తెలుసు, 'మీ నాన్నకు పంపిస్తా' అన్నదే అతని మొదటి మాట. నాన్నకు ముందే తెలిసిపోతే అతని చేతిలో మిగిలే పట్టు చాలా తక్కువ. పిల్లల భద్రత గురించి వచ్చే సలహాల్లో సగం సెట్టింగుల చుట్టూ తిరుగుతాయి. ఏ సెట్టింగూ ఈ భయాన్ని తీయలేదు.

కాబట్టి ఏమీ జరగకముందే ఇంట్లో చెప్పి ఉంచాల్సిన మాట ఒకటుంది. ఏం జరిగినా, తప్పు నీదే అయినా, ముందు వచ్చి చెప్పు. ఫోన్ తీసుకోం, చదువు ఆపం. ఒకసారి చెబితే పిల్లలు ఇది నమ్మరు, చిన్న విషయాల్లో పరీక్షించి చూస్తారు. గేమ్ కోసం అమ్మ ఫోన్‌పే నుంచి రెండు వందలు ఖర్చు చేశానని ఒప్పుకున్న పిల్లాడికి ఆరోజు ఎలాంటి జవాబు దొరికిందన్నది ముఖ్యం. రేపు పెద్ద విషయం వచ్చినప్పుడు నోరు విప్పాలా వద్దా అన్నది వాడు ఆరోజే నిర్ణయించుకుంటాడు. అమ్మానాన్నలకు ఎలాగూ చెప్పలేని పిల్లలు ఉంటారు. వాళ్లకు పిన్నో, మేనమామో, ట్యూషన్ టీచరో ఎవరో ఒకరు ఉండాలి, 'నాకు కాకపోతే అత్తకు చెప్పు' అని తల్లే అనాలి.

పిల్లలు తామే చేసేవి

అపరిచితులు చేసే హాని ఒక ఎత్తు. పక్క బెంచీవాళ్లు చేసేది ఇంకో ఎత్తు. క్లాసు గ్రూపులో ఒకరిని ఏడిపించడం, ఫేక్ ఐడీ తెరిచి టీచర్ పేరుతో పోస్టులు పెట్టడం, విడిపోయిన స్నేహితురాలి ఫోటోలు తిప్పడం, ఇవన్నీ పిల్లల దృష్టిలో సరదాలే. మార్ఫింగ్ చేయడానికి ఒకప్పుడు కాస్త పనితనం కావాల్సి వచ్చేది. కృత్రిమ మేధ వచ్చాక మామూలు ఫోటో ఒకటి ఉంటే చాలు. 2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రలెహో అనే చిన్న పట్టణంలో 20 మందికి పైగా బడి అమ్మాయిల నకిలీ నగ్నచిత్రాలు వాట్సాప్‌లో తిరిగాయి. చేసింది అదే ఊరి మగపిల్లలు. అమ్మాయిలు సొంతంగా పెట్టుకున్న మామూలు ఇన్‌స్టాగ్రామ్ ఫోటోలే ముడిసరుకు. 2024లో అక్కడి బాలల కోర్టు 15 మందిని దోషులుగా తేల్చి ఏడాది ప్రొబేషన్ విధించింది.

భారత చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునే దానికన్నా కఠినం. లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో 18 ఏళ్లలోపు వారందరూ, ఆడైనా మగైనా, పిల్లలే. 2019 సవరణతో, కంప్యూటర్‌తో తయారుచేసినదైనా అసలు పిల్లల్లా కనిపించే అశ్లీల చిత్రం కూడా దాని పరిధిలోకి వచ్చింది. సమాచార సాంకేతిక చట్టంలోని 67బి సెక్షన్ ఇలాంటి చిత్రాలను తయారుచేయడం, పంపడంతోపాటు వెతకడం, డౌన్‌లోడ్ చేయడాన్ని కూడా నేరంగా చూస్తుంది. పిల్లలను లైంగిక ఉద్దేశంతో ఆన్‌లైన్ పరిచయంలోకి దింపడమూ అదే సెక్షన్ కిందకి వస్తుంది. మొదటిసారి నేరానికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉంటాయి. ఇలాంటి వీడియో ఎవరికీ పంపకుండా దగ్గర ఉంచుకుని చూస్తే నేరం కాదన్న మద్రాస్ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కొట్టేసింది. 'గ్రూపులో వచ్చింది, నేను పంపలేదు' అన్న మాట ఇక కాపాడదు. అలాంటిది వస్తే ఎవరికీ చూపకుండా ఫిర్యాదు చేయడమే మార్గం. తప్పు చేసిన వ్యక్తికి 18 నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది. పదో తరగతి పిల్లలకు ఈ చట్టం గురించి భయపెట్టే గొంతుతో కాకుండా పౌరశాస్త్రం పాఠంలా చెప్పవచ్చు. ఇద్దరూ ఇష్టపడి పంపుకున్నా చట్టం ముందు ఆ ఇష్టం చెల్లదని చాలామందికి తెలియదు.

పెద్దలు పెట్టే ఫోటోలు

పిల్లల వివరాలు బయటికి పోయే దారుల్లో ఇంటి పెద్దలదే వెడల్పైన దారి. ఓణీల ఫంక్షన్ వీడియో యూట్యూబ్‌లో ఉంటుంది. అందులో అమ్మాయి పేరు, ఊరు, ఫంక్షన్ హాలు, తేదీ అన్నీ ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. యూనిఫాం వేసుకున్న మొదటిరోజు ఫోటోలో బడి పేరు ఉంటుంది, పుట్టినరోజు పోస్టులో పుట్టిన తేదీ ఉంటుంది. ర్యాంకుల ప్రకటనల్లో కాలేజీలు పిల్లల ఫోటోలు, మార్కులు వీధి గోడల మీదే పెడతాయి. పరిచయం లేనివాడు 'నేను మీ స్కూల్ సీనియర్‌ని' అని నమ్మకంగా చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు ఒక తండ్రీ కూతుళ్ల వీడియోను తెర మీద పెట్టుకుని అసభ్య హాస్యం చేశారు. నటుడు సాయి ధరమ్ తేజ్ ఎక్స్‌లో దాన్ని రెండు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తేవడంతో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది. ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. తండ్రి ముచ్చటపడి పెట్టిన వీడియోను ఎవరు ఏ కళ్లతో చూస్తారో ఆయన చేతుల్లో ఉండదని ఆ కేసు చూపించింది. కుటుంబం వరకే కనిపించేలా పెట్టుకోవడం కష్టమైన పనేమీ కాదు. పదేళ్లు దాటిన పిల్లలనైతే పెట్టే ముందు ఒక మాట అడగవచ్చు. తన ఫోటో విషయంలో తనకూ ఒక మాట ఉందని ఇంట్లో నేర్చుకున్న పిల్ల, బయటివాడు ఫోటో అడిగినప్పుడు కాదనడానికి తక్కువ తడబడుతుంది.

డబ్బు

గేముల్లో డబ్బు ఖర్చు గురించి చెప్పాల్సింది కొంచెమే. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకుంటే చాలా గొడవలు తప్పుతాయి. యూపీఐ పిన్ పిల్లలకు తెలియకుండా ఉంచడం ఎంత ముఖ్యమో, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలకు చెప్పడం అంతే ముఖ్యం. అమ్మ ఫోన్ ఎత్తేది చాలాసార్లు వాళ్లే. డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఉచ్చు బ్యాంకు ఖాతాలను అద్దెకు అడగడం. కాలేజీ కుర్రాళ్లకు నాలుగైదు వేలు కమీషన్ ఇస్తామంటారు. ఆ ఖాతాలోకి వచ్చేది వేరేచోట సైబర్ నేరంలో దోచిన సొమ్ము. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే.

వయసు గీతలు

ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ వంటివి 13 ఏళ్లు నిండాలంటాయి. ఈ 13 ఏ మనస్తత్వ శాస్త్రమో చెప్పిన సంఖ్య అనుకుంటే పొరపాటు. 13 ఏళ్లలోపు పిల్లల సమాచారం సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అమెరికా 1998లో చట్టం చేసింది. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు 13 దగ్గర గీత గీసి, లోపలికి వచ్చేవాడు చెప్పిన పుట్టిన సంవత్సరాన్నే నమ్మాయి. ఆస్ట్రేలియా గీతను పైకి జరిపింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 ఏళ్లలోపు వారికి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్, స్నాప్‌చాట్ వంటి వాటిలో ఖాతాలు ఉండకూడదు. పాటించకపోతే కంపెనీలకు 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా ఉంది. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లి లేదా తండ్రి అనుమతి రుజువుతో సహా ఉండాలంటుంది. పిల్లల కదలికలను వెంటాడి వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అసలైన బాధ్యతలు అమలులోకి రావడానికి కంపెనీలకు 18 నెలల గడువు ఇచ్చారు. అమ్మ ఫోన్, అమ్మ ఓటీపీ కూడా పిల్లల చేతిలోనే ఉండే ఇళ్లలో ఆ అనుమతి ఎవరిచ్చినట్టు అన్న ప్రశ్నకు జవాబు ఇంకా రావాలి.

పుట్టిన తేదీ అబద్ధం చెప్పడంలో పెద్దలకు కనిపించని నష్టం ఒకటుంది. 2025 ఫిబ్రవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ భారత్‌లో 18 ఏళ్లలోపు వారికి టీన్ అకౌంట్లు తెచ్చింది. అవి మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటాయి. తాము ఫాలో అయ్యేవారు, ముందే పరిచయమున్నవారు తప్ప వేరొకరు మెసేజ్ చేయలేరు. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 నిండనివారు ఈ కట్టుబాట్లు సడలించాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఖాతా తెరిచేటప్పుడు 2000లో పుట్టానని చెప్పిన 12 ఏళ్ల పిల్లకు ఇవేవీ ఉండవు, యాప్ ఆమెను పాతికేళ్ల మనిషిగానే చూస్తుంది. ఖాతా ఎలాగూ తెరిచే పిల్లలైతే అసలు వయసుతో తెరిపించడం మేలు.

గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. ఏ యాప్ వేసుకోవాలన్నా తల్లిదండ్రుల ఫోన్‌కు అనుమతి కోరుతూ సందేశం వస్తుంది, రోజుకు ఎంతసేపన్నది నిర్ణయించవచ్చు. ఐఫోన్లలో స్క్రీన్ టైమ్ ఇదే పని చేస్తుంది. పదేళ్ల పిల్లలకు ఇవి చక్కగా పనికొస్తాయి. పదహారేళ్లవారికి అంతగా కాదు. తెలియకుండా నిఘా యాప్ పెట్టి పిల్లల చాట్లు చదవడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అది దొరికిపోయిన రోజు పిల్లలు రెండో ఖాతా తెరుస్తారు, స్నేహితుల ఫోన్లు వాడతారు, ఇంట్లో మాట్లాడటం మానేస్తారు. పడుకునే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ, నాన్న ఫోన్‌తో సహా, హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కు పెట్టడం ఖర్చులేని పద్ధతి. మచ్చిక చేసుకునేవాళ్లకు కలిసొచ్చే అర్ధరాత్రి గంటలు దాంతో పోతాయి.

జరగకూడనిది జరిగాక

బెదిరింపు వచ్చినట్టు పిల్లలు చెప్పగానే చేయాల్సిన మొదటి పని తిట్టకుండా ఉండటం. రెండోది డబ్బు పంపకుండా ఉండటం. ఒకసారి పంపితే బెదిరింపు ఆగదు, అడిగే మొత్తం పెరుగుతుంది. భయంతో చాట్ మొత్తం డిలీట్ చేయడం చాలామంది చేసే పొరపాటు, పోలీసులకు కావాల్సింది ఆ చాటే. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, ఆ ఖాతా పేరు, ప్రొఫైల్ లింకు, యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు దాచిపెట్టి, యాప్‌లో రిపోర్ట్ చేసి, ఆ తర్వాత బ్లాక్ చేయాలి. పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి లింకు రాసి పెట్టుకోవడం అవసరం. పిల్లల ఫోటోను మాత్రం 'సాక్ష్యం' పేరుతో బంధువులకు పంపకూడదు.

ఫిర్యాదు చేయడానికి ఉన్న సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ వెనుక హైదరాబాద్ కథ ఉంది. లైంగిక దాడుల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ 2015లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసి, వాటిని పెన్‌డ్రైవ్‌లో జతచేశారు. కోర్టు దాన్ని సుమోటోగా తీసుకుంది. ఆ విచారణలో ఇచ్చిన ఆదేశాల ఫలితంగా 2018 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ ఈ పోర్టల్ ప్రారంభించింది. పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా అందులో నమోదు చేయవచ్చు. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది. సొమ్ము ఖాతాలు మారకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

ఫోటో ఇంకా బయటికి రాకముందే ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. దాన్ని అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన బాలల జాతీయ కేంద్రం నడుపుతోంది. 18 నిండకముందు తీసిన ఫోటో అయితే ఏ దేశం వారైనా వాడుకోవచ్చు. ఫోటోను ఎవరికీ పంపాల్సిన పని లేదు. అది ఉన్న ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ వేలిముద్ర తయారవుతుంది, ఆ అంకెల వరుస మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, టిక్‌టాక్ వంటి వాటికి వెళుతుంది. అదే ఫోటో అక్కడ కనిపిస్తే గుర్తించి తొలగిస్తారు. వాట్సాప్ లాంటి గుప్తీకరించిన యాప్‌లలో ఇది పనిచేయదు. ఫోటోను మార్చినా వేలిముద్ర కలవకపోవచ్చు. అయినా రాత్రంతా నిద్రపోని పిల్లకు ఇది చేయగలిగే పని ఒకటి చూపిస్తుంది.

పోలీస్ స్టేషన్ గడప ఎక్కాలంటే కుటుంబాలు జంకుతాయి. పరువు పోతుందన్న భయంతో చాలా విషయాలు ఇంట్లోనే సమాధి అవుతాయి. పోక్సో చట్టం ఈ జంకును ముందే ఊహించింది. పిల్లల వాంగ్మూలం వారి ఇంట్లోనే లేదా వారు కోరిన చోట తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, ఆ సమయంలో యూనిఫాం ఉండకూడదు. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫోటో, బడి, చిరునామా ఏదీ పత్రికల్లో రాకూడదు, వస్తే అది నేరం. నేరం జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేయకపోవడమూ నేరమే. 'స్కూల్ పేరు పోతుంది, వదిలేయండి' అనే ప్రిన్సిపాల్‌కు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

1098 బాలల హెల్ప్‌లైన్. 1996లో ముంబయిలో మొదలై, ఇప్పుడు దేశమంతటా 24 గంటలూ పనిచేస్తోంది. దానికి ఛార్జీ పడదు, పెద్దల అనుమతి లేకుండా పిల్లలే ఫోన్ చేయవచ్చు. మనసు కుంగిపోయి, చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లలు అంటే టెలీమానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల ఫోన్‌లో మొదటి గేమ్ దిగేలోపే ఈ మూడు నంబర్లు, 1098, 1930, 14416, సేవ్ చేసి, ఏది దేనికో వారికి చెప్పి ఉంచండి.